ఉన్నట్టుందేమో

ఆమె చనిపోయిన రోజు సాయంత్రం నేను ఇంటికొచ్చి మా ఆయన చొక్కాలు ఐదు ఇస్త్రీ చేశాను. అది ఆదివారం పని. ఆ ఆదివారం చుట్టాలు రావడంతో సోమవారానికి జరిగింది. కాలరు, భుజాలు, చేతులు, వీపు, ఆఖరికి ముందువైపు. పద్దెనిమిదేళ్ళుగా అదే వరస. నాలుగో చొక్కా దగ్గర నా చేయి ఆగిపోయింది. వేళ్ళ మధ్య ఏదో జిగురు. హాస్పిటల్లో మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నాను, ఇంటికొచ్చి మళ్ళీ కడుక్కున్నాను. స్కానింగ్‌కి రాసే జెల్లు అది. నిజంగా ఇంకా ఉందో, ఉందని నాకు అనిపిస్తోందో తెలియలేదు.

“ఏంటి, మొహం అలా వేలాడేసుకున్నావ్?” అన్నాడు మా ఆయన, ఫోన్‌లోంచి తలెత్తకుండానే. తలెత్తకుండా నా మొహం ఎలా కనిపించిందో మరి.

“ఇవాళ ఒకామె పోయిందండీ. నా చేతుల్లోనే.”

“నీ చేతుల్లో ఏంటి, డాక్టర్లుంటారుగా? హాస్పిటలన్నాక పోయేవాళ్ళు పోతూనే ఉంటారు. ఆ నీలం చొక్కాకి పై బొత్తం ఊడింది, చూశావా?”

చూశాను. కుట్టాను కూడా.

నేను గుండెలకు ఎకో అనే స్కానింగ్ తీసే టెక్నీషియన్ని. హాస్పిటల్లో అందరూ నన్ను ‘ఎకోగారు’ అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడదు. మొదటి అంతస్తులో కిటికీ లేని చిన్న గది, ఒక మంచం, ఒక మిషను, తెర స్పష్టంగా కనబడాలని ఎప్పుడూ ఆర్పేసి ఉండే లైటు. రోజుకి ఇరవై గుండెలు చూస్తాను. జెల్లు చల్లగా తగిలితే మనుషులు ఉలిక్కిపడతారని, ముందు నా అరచేతిలో వేసుకుని కాస్త వెచ్చబడ్డాక రాస్తాను. పదహారేళ్ళయింది. ఏ గుండె ఎక్కడ మొరాయిస్తోందో తెర మీద బొమ్మ పడగానే నాకు తెలిసిపోతుంది. తెలిసింది కొలిచి చీటీ మీద రాసి పెడతాను. డాక్టరుగారు అది చూసి రిపోర్టు మీద సంతకం పెడతారు. రిపోర్టులో నా పేరుండదు. ఉండాలని నాకెప్పుడూ తోచనూ లేదు. మా ఆయన పదిమందిలో నా ఉద్యోగం గురించి చెప్పే మాట ఒకటుంది: “మా ఆవిడది ఫొటో స్టూడియో. మొహాలకి బదులు గుండెలు తీస్తుంది, అంతే తేడా.” అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

ఆరు నెలల క్రితం కింద ఎమర్జెన్సీ వార్డుకి చిన్న స్కానింగ్ మిషను ఒకటి తెప్పించారు. చక్రాల బండి మీద తోసుకెళ్ళేది. గుండె ఆగిపోయి వచ్చినవాళ్ళకి ఒకపక్క ఛాతీ నొక్కుతూ, మందులిస్తూనే, ఆ గుండె ఎందుకు ఆగిందో లోపలికి చూడడానికి. కొన్ని కారణాలు అక్కడికక్కడ సరిచేయగలిగినవి ఉంటాయి. గుండె చుట్టూ ఉండే సంచిలో నీరు నిండి గుండెను పిండేస్తూ ఉండొచ్చు. సూదితో ఆ నీరు తీసేస్తే మళ్ళీ ఆడొచ్చు. చూస్తే తెలుస్తుంది, చూడకపోతే తెలియదు. కానీ చూడాలంటే ఛాతీ నొక్కడం ఆపాలి. ఆపితే మెదడుకు రక్తం అందదు. అందుకని రెండు నిమిషాలకోసారి నాడి చూడడానికి ఎలాగూ ఆపుతారే, ఆ పది సెకన్లలోనే చూసెయ్యాలి. మాకు నేర్పడానికి బయటినుంచి వచ్చిన డాక్టరమ్మ ఒక మధ్యాహ్నమంతా అదే చెప్పింది. “చూడడం కోసం ఆపకండి. ఆపినప్పుడు చూడండి. మిషను తీగ చివరి తల పట్టుకుని, ముందే చేయి అక్కడ పెట్టుకుని కాచుకోండి. ఆరు సెకన్లు రికార్డు చేసి చేయి తీసేయండి. వాళ్ళు మళ్ళీ నొక్కుతున్నప్పుడు ఆ రికార్డు చూసుకోండి. ఏం కనిపించిందో గదిలో అందరికీ వినపడేట్టు చెప్పండి.” అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను, ఆ ఆఖరి మాట తప్ప. అది రాసుకోవాల్సినంత విషయమని అనిపించలేదు.

ఆ సోమవారం పొద్దున పదకొండు ఇరవైకి నా గదిలో ఫోను మోగింది. “ఎకోగారూ, తొందరగా కిందికి రండి.” హెడ్ సిస్టర్ గొంతు. మంచం మీదున్న పెద్దాయన్ని అలాగే ఉండమని చెప్పి పరుగెత్తాను.

ఆమెకు ముప్ఫై ఎనిమిదేళ్ళని తర్వాత తెలిసింది. ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుందట. జుట్టులో, మోచేతుల మీద దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. అక్కను వెంటబెట్టుకుని తన కాళ్ళ మీద తనే నడిచి వచ్చింది. చీటీ రాసే కౌంటరు దగ్గర నిలబడి నిలబడి అక్కడే కూలబడిపోయింది. మంచం చుట్టూ లాగిన పరదా అవతలినుంచి ఆ అక్క గొంతు వినబడుతూనే ఉంది: “పది రోజుల్నుంచి పడుకోలేకపోతోందమ్మా, కూర్చునే నిద్రపోతోంది. ఎవరన్నా రాసుకోండమ్మా...” ఎవరూ రాసుకోలేదు. లోపల పెద్ద డాక్టరు మంచం తలవైపు నిలబడి ఉన్నారు. ఎమర్జెన్సీ వార్డుకి ఆయనే పెద్ద. నెమ్మదస్తుడు, ఎవర్నీ కసురుకోరు. అందుకే ఆయన గొంతు కాస్త పెరిగినా అందరం బిగుసుకుపోతాం. ఇద్దరు నర్సులు మార్చి మార్చి ఛాతీ నొక్కుతున్నారు. మానిటర్ మీద గీతలు నడుస్తున్నాయి కానీ నాడి అందడం లేదు.

“రండమ్మా, చూడండి,” అన్నారు ఆయన. “ఆపండి,” అని హెడ్ సిస్టర్ పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నా చేయి ఇంకా జెల్లు సీసా మీదే ఉంది. ఒకటి, రెండు, మూడు. జెల్లు వేసి రొమ్ము ఎముక కింద మిషను తల ఆనించేసరికి ఆరు. తెర మీద బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు. తొమ్మిది. “దొరికిందా?” “ఒక్క క్షణం సార్.” పదకొండు. నేను ఏ పనైనా రెండుసార్లు సరిచూసుకునే మనిషిని. గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి చివరినుంచి వెనక్కి వచ్చే మనిషిని. ఇంట్లో దానికి చాదస్తం అని పేరు. పదిహేను. పదహారు. “నొక్కండి, నొక్కండి!” అన్నారు పెద్ద డాక్టరు. పదిహేడు సెకన్లు ఆమెకు రక్తం అందకుండా ఆపి నేను చూసిందేమీ లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అననందుకు ఇంకా కుంచించుకుపోయాను.

రెండోసారి సరిగ్గా చేశాను. వాళ్ళు నొక్కుతుండగానే చేయి పెట్టుకుని కాచుకున్నాను. “ఆపండి. ఒకటి, రెండు,” మూడు అనేలోగా బొమ్మ పడింది. మధ్యలో గుండె. దాని చుట్టూ నల్లటి వలయం, ముందూ వెనకా అంతటా. తెర మీద నీరు నల్లగానే కనబడుతుంది. ఆ నలుపు లోపల గుండె ఆగలేదు. కొలత తప్పి కుట్టిన ఇరుకు చొక్కాలో మనిషి ఊపిరి కోసం పెనుగులాడుతున్నట్టు చిన్న చిన్నగా కదులుతోంది. కుడివైపు గోడ లోపలికి ముడుచుకుపోతోంది. ఇలాంటిది పదహారేళ్ళలో తక్కువలో తక్కువ ముప్ఫైసార్లు చూసి ఉంటాను. రికార్డు చేశాను. ఏడు అనేసరికి చేయి తీసేశాను. వాళ్ళు మళ్ళీ నొక్కడం మొదలుపెట్టారు.

“ఏం కనిపించిందమ్మా?”

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటను అక్షరం మార్చకుండా రాస్తున్నాను. “చుట్టూ నీరు ఉన్నట్టుందేమో సార్.”

“ఉన్నట్టుందా, ఉందా?”

అడిగారు. ఆయన అడగలేదని నేను ఎవరితోనూ అనలేను. నా వైపు తిరిగి సూటిగా అడిగారు. ‘ఉంది’ అనడానికి రెండక్షరాలు చాలు. “అంటే... మీరొకసారి చూస్తే...” అన్నాను. ఆయన మంచం మీదుగా వంగి తెర వైపు చూశారు. పై లైటు వెలుగు తెర మీద పడి మెరుస్తోంది. రెప్పపాటు చూసి ఉంటారు. “అది కొవ్వయి ఉంటుంది. గుండె ముందువైపు కొవ్వు కూడా అలాగే నల్లగా కనబడుతుంది. లేనిపోని సూది గుచ్చి అది గుండెకి తగిలితే అదొకటి. ఇందాక టైమంతా దానికే పోయింది. ఇక మిషను తీసేయండమ్మా.”

కొవ్వు ముందువైపే ఉంటుంది సార్, ఇది వెనక కూడా ఉంది. ఈ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. గుండె చుట్టూ నీళ్ళు కళ్ళారా చూసి, నేను నీళ్ళు నమిలాను. మిషను గోడవారకి తోసేశాను. ఇంకో ఇరవై రెండు నిమిషాలు నొక్కారు. ఆ ఇరవై రెండు నిమిషాలూ నేను అక్కడే, చేతికి జెల్లుతో నిలబడి ఉన్నాను. నోరు తెరవడానికి ఇరవై రెండు నిమిషాలు తక్కువేమీ కాదు. పదకొండు నలభై ఆరుకి పెద్ద డాక్టరు గోడ గడియారం చూశారు. నర్సులు చేతులు తీసేశారు. హెడ్ సిస్టర్ పరదా పక్కకి లాగి బయటికెళ్ళింది. ఆ అక్క ఏడవలేదు. “ఏంటమ్మా, ఏంటి?” అని అడుగుతూనే ఉంది.

ఆ ‘ఏమో’ నాకు పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళయిన మూడో నెలలో మా ఆయన, నేను, అత్తయ్య, మా ఆడపడుచు, ఆమె భర్త కలిసి కారులో ఎవరింటికో వెళ్తున్నాం. నేను చదువుకున్న కాలేజీ వెనక వీధి అది. “ఇటు కాదండీ, ఎడమవైపు,” అన్నాను. ఆయన కారు నడిరోడ్డు మీద ఆపేసి, తలుపు తీసుకుని దిగి, “అయితే నువ్వే తోలు,” అన్నాడు. నాకు కారు నడపడం రాదు. వెనకనుంచి ఒకటే హారన్లు. ఆడపడుచు భర్త నవ్వాపుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు అత్తయ్య నన్ను వంటింట్లో పక్కన కూర్చోబెట్టుకుంది. కడుపులో ఏమీ పెట్టుకోకుండా, నిజంగా నా మేలు కోరే చెప్పింది. “నీకు తెలిసినా తెలిసినట్టు చెప్పకమ్మా. అడుగుతున్నట్టు చెప్పు. వాళ్ళకే తోచిందనిపించేట్టు చూసుకో. నేను ముప్ఫై ఏళ్ళు అలాగే నెట్టుకొచ్చాను.” తర్వాతిసారి దారి తప్పినప్పుడు “ఎడమవైపేమోనండీ,” అన్నాను. ఆయన కొంచెం ముందుకెళ్ళి, తనకే తట్టినట్టు బండి ఎడమవైపు తిప్పాడు. పని జరిగింది, గొడవ లేదు. అప్పట్నుంచీ అది నా నోటికి అలవాటైపోయింది. పిల్లకి జ్వరమేమో. గడువు ఇవాళేనేమో. కాళ్ళ కింద నీళ్ళు పారుతున్నా ‘కుళాయి కారుతోందేమో చూడండి’ అనేదాన్ని. పదిహేనేళ్ళ మా అమ్మాయి ఒకసారి భోజనాల దగ్గర వేళ్ళు మడిచి లెక్కపెట్టి, “అమ్మా, ఇవాళ పద్నాలుగు ఏమోలు,” అంది. ‘ఏమోరాణి’ అని పేరు కూడా పెట్టింది. అందరం పడీ పడీ నవ్వుకున్నాం. హాస్పిటల్లోనూ నాది అదే భాష. చీటీ మీద ‘నీరు ఉంది, రెండు సెంటీమీటర్లు’ అని రాసే చేయి నాదే. డాక్టరు ఎదురుగా నిలబడితే ఉన్నట్టుందేమో అనే నోరూ నాదే. దాన్ని మర్యాద అనుకున్నాను. ‘ఎకోగారు ఎంత ఒద్దికగా ఉంటారో చూడండి’ అని హెడ్ సిస్టర్ కొత్త నర్సులకు నన్ను చూపించి చెబుతుంటే లోలోపల పొంగిపోయేదాన్ని కూడా.

ఆ మధ్యాహ్నం గది తలుపు వేసుకుని ఆ ఆరు సెకన్ల రికార్డు పెట్టుకున్నాను. అయిపోగానే మళ్ళీ మొదటికి వస్తుంది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వెనకవైపు నలుపును కొలిచాను. రెండు పాయింట్ మూడు సెంటీమీటర్లు. కొవ్వు కాదు. అందులో నాకు కొత్తగా తెలిసిందేమీ లేదు. మూడు లెక్కపెట్టేలోగా తెలిసిన విషయమే. తెలియక చేసుంటే పొరపాటనుకుని ఏడ్చి ఊరుకునేదాన్ని. తెలిసి చేసినదానికి ఏ పేరు పెట్టుకోవాలో తోచక, మళ్ళీ వెళ్ళి చేతులు కడుక్కున్నాను.

నాలుగింటికి పెద్ద డాక్టరు నా గదికి వచ్చారు. పదహారేళ్ళలో ఆయన నా గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. చేతిలో కాగితం. “గురువారం ఈ కేసు మీద రివ్యూ పెట్టారమ్మా. పదిహేడు సెకన్ల సంగతి రికార్డుల్లోకి ఎక్కింది. మీ మీదికి రాకుండా నేను చూసుకుంటాను. ఇక్కడొక సంతకం పెట్టండి.” టైపు చేసి ఉంది: ‘స్కానింగ్‌లో చెప్పుకోదగ్గదేమీ కనిపించలేదు.’

“సార్, ఆ రికార్డు మీరొకసారి...”

“ఇప్పుడు చూసి ఏం చేస్తామమ్మా? పోయిన మనిషి తిరిగి రాదు కదా.”

తెర ఆయనకు మూరెడు దూరంలో ఉంది. ఆయన దాని వైపు తిరగలేదు. చూడడానికి భయపడుతున్నారని అప్పుడు అర్థమైంది. ఎదుటి మగమనిషి భయం కనిపెట్టగానే దాన్ని కప్పి కాపాడెయ్యడం ఇంట్లో నాకు చేయి తిరిగిన పని. సంతకం పెట్టేశాను. “థాంక్స్ సార్,” అన్నాను పైగా. ఆ సంతకం కంటే కూడా ఆ థాంక్స్ తలుచుకుంటే ఇప్పటికీ నాలో నేనే ముడుచుకుపోతాను.

మంగళవారం ఆ అక్క మళ్ళీ హాస్పిటల్‌కి వచ్చింది. మరణ ధ్రువపత్రం కోసం కాబోలు, చెల్లెలు కూలబడిన ఆ కౌంటరు దగ్గరే వరసలో నిలబడి ఉంది. మెట్ల మీదనుంచి చూసి నేను ఆగిపోయాను. ఆమె ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతోంది. “మీ పాప గౌను అయిపోయిందమ్మా. బొత్తాలు ఒక్కటే మిగిలాయి. అవి నేను కుట్టించి పంపిస్తా. లేదమ్మా, తను ఇక కుట్టదు.” ఆమె ఫోను పెట్టేసి నా వైపు తలతిప్పింది. నేను ఎవరో ఆమెకు తెలియదు. ఆ రోజు ఆమె నన్ను చూసే అవకాశమే లేదు. అయినా నాకు మొహం చెల్లక గిరుక్కున వెనక్కి తిరిగి, రెండేసి మెట్లు ఎక్కి, సామాన్ల గదిలో దూరి తలుపేసుకున్నాను. దుప్పట్ల కట్టల మధ్య, ఫినాయిల్ వాసనలో, నలభై రెండేళ్ళ ఆడదాన్ని, దొంగలా నక్కి నిలబడ్డాను. పావుగంట తర్వాత బయటికి వస్తుంటే అనిపించింది, ఇలా ఎన్నాళ్ళు, ఎంతమంది కనబడితే దాక్కుంటాను అని.

బుధవారం సాయంత్రం ఇంట్లో చెప్పాను. మా ఆయన సాంతం విన్నాడు. అది ఒప్పుకోవాలి.

“సంతకం పెట్టేశావుగా, అయిపోయింది. ఆయనే కాపాడతానంటుంటే నీకెందుకు? ఇప్పుడు వెళ్ళి కెలికావంటే ముందు ఊడేది నీ ఉద్యోగమే. అయినా నువ్వు చూసింది కరెక్టని నీకేంటంత నమ్మకం? ఆయన డాక్టరు. నువ్వు...” ఆగాడు. ఫొటో అనబోయి ఆగాడు, అంతవరకు నయం. “నీ మంచికే చెబుతున్నా. ఊరుకో,” అని లేచి వెళ్ళిపోయాడు.

అత్తయ్య పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతోంది. ఆయన వెళ్ళాక కూడా కాసేపు తరిగింది. తర్వాత, “నేను చెప్పింది ఇంటి సంగతులకమ్మా. ప్రాణాల మీదికొచ్చినప్పుడు కూడా అలా అనమన్నానా?” అంది. ఆమె గొంతులో కోపం లేదు, బెదురుంది.

“ఇంటికొకటి, హాస్పిటల్‌కొకటి, రెండు నాలుకల్లేవు కదత్తయ్యా. ఉన్నదొక్కటే.”

ఆమె కత్తి పక్కన పెట్టేసి, తడి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉండిపోయింది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆమె కూడా ఎక్కడెక్కడ ఏమేం మింగిందో వెనక్కి వెతుక్కుంటున్నట్టనిపించింది. నేను అడగలేదు. “మరి రేపేం చేస్తావ్?” అంది చివరికి.

“ఆ సంతకం తప్పని చెప్పేస్తాను.”

“సరే. వాడి సంగతి నేను చూసుకుంటాలే,” అని కత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

గురువారం రివ్యూలో బల్ల చుట్టూ ఏడుగురం. సూపరింటెండెంట్ మేడమ్ కళ్ళజోడు సర్దుకుని కాగితం చదివింది. స్కానింగ్ వల్ల ఛాతీ నొక్కడం పదిహేడు సెకన్లు ఆగింది. స్కానింగ్‌లో చెప్పుకోదగ్గదేమీ కనిపించలేదు. కాబట్టి ఇకమీదట గుండె ఆగిన కేసుల్లో ఆ మిషను వాడాలా, మానెయ్యాలా? మిషను మానేస్తే ఇకమీద వచ్చేవాళ్ళలో ఎవరి గుండె చుట్టూ నీరున్నా చూసే దిక్కుండదు. నా అబద్ధం ఇంకా రాని మనుషుల దాకా పోతోందని అప్పుడే తెలిసింది. లేచి నిలబడ్డాను. బల్ల అంచు పట్టుకున్నాను.

“పదిహేడు సెకన్లు నిజం మేడమ్. తప్పు మిషనుది కాదు, నాది. ముందే చేయి పెట్టుకుని సిద్ధంగా లేను. కానీ రెండోసారి ఏడు సెకన్లలో తీసేశాను. అప్పుడు గుండె చుట్టూ నీరు కనిపించింది. రెండు పాయింట్ మూడు సెంటీమీటర్లు. నేను సంతకం పెట్టిన కాగితం అబద్ధం.”

రికార్డు గోడ మీది పెద్ద తెరకి ఎక్కించాను. అది నాలుగుసార్లు తిరిగింది. పెద్ద డాక్టరు ఈసారి చూశారు. ఆయన మొహంలో రంగు పోవడం నాకు కనిపించింది. “ఆ రోజు ఇంత స్పష్టంగా చెప్పి ఉంటే నేను సూది పెట్టేవాణ్ణి,” అన్నారు నెమ్మదిగా. అందులో అబద్ధం లేదు.

“చెప్పలేదు సార్. ఉందా అని మీరు అడిగినా చెప్పలేదు. ఆ తప్పు నాది. కానీ కొవ్వన్న మాట మీరు చూసి అనలేదు సార్.”

పదహారేళ్ళలో నేను ఒక డాక్టరుతో అన్న మొదటి ఎదురు మాట అది. అన్నాక ఏదో గెలిచినట్టు ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు. సోమవారం అనాల్సిన మాట గురువారం అంటున్నానన్న సిగ్గు తప్ప. హెడ్ సిస్టర్ బల్ల వైపు చూస్తూ, “ఎకోగారు నీరన్నది నాకూ వినపడింది మేడమ్. నేను లెక్కలో పడి ఊరుకున్నాను,” అంది.

మిషను మానలేదు. చూసినవాళ్ళు ‘ఉంది’, ‘లేదు’, ‘బొమ్మ కనబడలేదు’ అన్న మూడు మాటల్లో ఒకటి మాత్రమే గట్టిగా చెప్పాలని, ఆ రికార్డును ఇంకొకరు కూడా అప్పుడే చూడాలని రాశారు. ఆలస్యానికీ తప్పుడు సంతకానికీ నాకు మెమో ఇచ్చారు. పెద్ద డాక్టరుకి ఏమిచ్చారో నాకు చెప్పలేదు. ఆయన ఇప్పుడు నన్ను ‘అమ్మా’ అనడం మానేసి ‘ఎకోగారూ’ అంటున్నారు. ఇంట్లో మా ఆయన మెమో సంగతి విని, “నేను చెప్పానా!” అన్నాడు. అత్తయ్య వెంటనే, “ఏం చెప్పావురా నువ్వు? దాని పని దానికి తెలుసు,” అంది. ఆయన తెల్లబోయి చూశాడు. అమ్మాయి మాత్రం నా పక్కన చేరి, “ఆ పేరు ఇంక అననులే అమ్మా,” అంది గుసగుసగా. వాళ్ళిద్దరూ నా వైపు ఉన్నారని తెలిసినకొద్దీ నాకు తలెత్తాలనిపించలేదు. మెచ్చుకోలుకి తగిన పని నేనేం చేశాను కనుక?

శనివారం ఆ అక్కను హాస్పిటల్‌కి పిలిపించారు. జరిగింది చెప్పాలని సూపరింటెండెంట్ మేడమే నిర్ణయించింది. “మీరు రానక్కర్లేదు. మేం మాట్లాడతాం,” అంది నాతో. ఆమె దయతోనే అందని తెలుసు. “వస్తాను మేడమ్,” అన్నాను.

మేడమ్ గదిలో అక్క కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఒళ్ళో చేతిసంచి. మేడమ్ అంతా విడమరిచి చెప్పింది, దాచలేదు. నీరు తీసినా బతికేదని ఎవరూ గట్టిగా చెప్పలేరని కూడా చెప్పింది. అక్క ఎవర్నీ తిట్టలేదు. తిడుతుందని నేను సిద్ధపడి వచ్చాను. తిడితే బాగుండుననే వచ్చాను.

“చూసింది ఎవరు?” అంది.

“నేనే.”

“మరి చూసి చెప్పలేదా?”

“చెప్పానమ్మా. వినపడేట్టు చెప్పలేదు.”

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత సంచి పట్టీ వేలికి చుట్టుకుంటూ, “తనూ అంతే. ఆయాసంగా ఉందక్కా అనేది. మళ్ళీ తనే, మిషను ఎక్కువసేపు తొక్కాన్లే అనేది. నేనూ సరేలే అనుకున్నా,” అంది. తలెత్తి, “అదేదో రికార్డు ఉందన్నారు. నేను చూడొచ్చా?” అంది.

మేడమ్ సందేహించి, తలూపింది. నేను తెర ఆమె వైపు తిప్పాను. లైటు ఆర్పాను. ఆరు సెకన్లు, మళ్ళీ మొదటికి, మళ్ళీ ఆరు సెకన్లు. “ఈ నల్లగా ఉన్నదంతా నీరమ్మా. మధ్యలో ఉన్నది గుండె,” అన్నాను. అక్క కుర్చీ ముందుకు జరుపుకుంది. కళ్ళు ఆర్పకుండా చూస్తూ చూస్తూ, చూపుడువేలు తెర మీద ఆ మధ్యలో పెట్టింది. నిద్రపోతున్న పిల్లను తాకినంత మెల్లగా.

“గుండె ఆగిపోయిందన్నారుగా ఆ రోజు?” అంది. “ఇది కొట్టుకుంటోంది కదమ్మా?”

మేడమ్ ముందుకు వంగింది. “అంటే చూడండమ్మా, అలా కదిలినంత మాత్రాన...” అని మొదలుపెట్టింది. ఆమె పూర్తిచేసేదాకా నేను ఆగలేదు.

“అవును,” అన్నాను. “కొట్టుకుంటోంది.”